పది సెంట్ల వీరుల ఉత్థాన పతనాలు

1938 మార్చి 1వ తేదీన న్యూయార్క్‌లోని ఒక ప్రచురణ సంస్థ ఇద్దరు యువకుల పేర 412 డాలర్లకు చెక్కు వ్రాసింది. ఇద్దరూ ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరవాసులు. ఇద్దరికీ ఇరవై మూడేళ్ళు. జెర్రీ సీగెల్ కథలు వ్రాసేవాడు, జో షుస్టర్ బొమ్మలు వేసేవాడు. చెక్కు మీది మొత్తంలో అధిక భాగం వారు అంతకు ముందు చేసిపెట్టిన పనులకు ప్రతిఫలం. మిగిలిన 130 డాలర్లు పదమూడు పేజీల ఒక కొత్త కథకూ, దానిలోని కథానాయకుడిపై సమస్త హక్కులకూ కలిపి ఇచ్చిన ధర. ఆ కథానాయకుడి పేరు సూపర్‌మాన్.

ఆ కథతో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెల పది సెంట్లు. ముద్రించినవి సుమారు రెండు లక్షల ప్రతులు. ముఖచిత్రంపై ఒక మనిషి మోటారు కారును తలపైకెత్తి బండకేసి బాదుతుండగా చూసిన ప్రచురణకర్త హారీ డోనెన్‌ఫెల్డ్‌కు, ఇటువంటి అసంభవాన్ని ఎవరు నమ్ముతారన్న బెంగ పట్టుకుందట. తరువాతి సంచికల ముఖచిత్రాలపై సూపర్‌మాన్ కనిపించలేదు. అయినా అమ్మకాలు పెరుగుతూ పోయాయి. కారణమేమిటని పత్రికల దుకాణాలలో విచారిస్తే, పిల్లలు వచ్చి పత్రిక పేరు చెప్పడం లేదనీ, సూపర్‌మాన్ ఉన్న పుస్తకం ఇవ్వమని అడుగుతున్నారనీ తేలింది. కొద్దికాలంలోనే ఆ మాసపత్రిక తొమ్మిది లక్షల ప్రతులకు చేరుకుంది. 1939లో అతని పేరుతోనే వేరుగా ప్రారంభమైన పత్రిక పన్నెండు లక్షలు దాటింది.

అమెరికాలో ఒక కొత్త వ్యాపారం అలా పుట్టింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు దాని చరిత్రను గ్రాఫు కాగితంపై గీస్తే ఏ జ్వరపీడితుని ఉష్ణోగ్రత పట్టికో చూస్తున్నట్లు ఉంటుంది. ఎగిసినప్పుడల్లా ఇక దిగదని అనుకున్నారు. దిగినప్పుడల్లా ఇక లేవదని అన్నారు. రెండు అంచనాలూ మాటిమాటికీ తప్పాయి.

మొదటి శిఖరం యుద్ధకాలానిది. బాట్‌మాన్ 1939లోనే వచ్చి చేరాడు. 1940 డిసెంబరులో, అంటే అమెరికా యుద్ధంలో దిగడానికి ఏడాది ముందే, జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు యువకులు సృష్టించిన 'కెప్టెన్ అమెరికా' మొదటి సంచిక మార్కెట్టుకు వచ్చింది. ముఖచిత్రంపై అతడు హిట్లరు దవడ పగులగొడుతున్నాడు. దాదాపు పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత నాలుగైదేళ్ళపాటు ఈ పుస్తకాలు పిల్లల పడకగదులలోనే కాదు, సముద్రాలు దాటిన సైనికుల సంచులలో కూడా చోటు సంపాదించాయి. ఆ కాలంలో అందరికంటే ఎక్కువగా అమ్ముడైనది సూపర్‌మాన్ కాదు. ఫాసెట్ సంస్థ ప్రచురించిన 'కెప్టెన్ మార్వెల్'. ఒక మంత్రాక్షరం ఉచ్చరించి మహావీరుడుగా మారిపోయే ఈ బాలుని పత్రిక 1944 సంవత్సరం మొత్తం మీద సుమారు కోటీ నలభై లక్షల ప్రతులు అమ్ముడయింది. కాగితంపై ప్రభుత్వం రేషను విధించిన రోజులవి. అచ్చయినదల్లా అమ్ముడుపోవడమే తప్ప మిగలడమనేది లేదు.

అదే సమయంలో, పనికిరాని కాగితం యుద్ధ అవసరాలకు ఇమ్మని ప్రభుత్వం పిలుపునిస్తే, పిల్లలు తమ పాత బొమ్మల పుస్తకాలను కట్టలు కట్టి దేశభక్తితో సమర్పించారు. వాటితో ఏ అట్టపెట్టెలు తయారయ్యాయో కాని, యాభై ఏళ్ళ తరువాత ఈ వ్యాపారాన్ని దాదాపు ముంచివేసిన పిచ్చికి బీజం మాత్రం అక్కడే పడింది.

యుద్ధం ముగియగానే వీరుల అవసరం తీరిపోయినట్లయింది. ఇళ్ళకు తిరిగివచ్చిన సైనికులు నేరకథలు కోరారు. యువతుల కోసం, కెప్టెన్ అమెరికాను సృష్టించిన సైమన్, కిర్బీలే 1947లో ప్రేమకథల పత్రిక మొదలుపెట్టి లక్షలు అమ్మారు. ఆ తర్వాత భయానక కథల వంతు వచ్చింది. కెప్టెన్ అమెరికా పత్రిక చివరి దశలో తన పేరుకు వింతకథల తోక తగిలించుకుని కూడా నిలవలేక కన్నుమూసింది. కెప్టెన్ మార్వెల్‌ది ఇంకో దుర్గతి. అతడు తమ సూపర్‌మాన్‌కు నకలని ప్రత్యర్థి సంస్థ వేసిన దావా పుష్కరకాలం సాగింది. చివరకు 1953లో ఫాసెట్ రాజీపడి, ఆ వీరుని ప్రచురణే మానివేసింది. అమ్మకాలు దండిగా ఉన్న రోజుల్లోనైతే ఇంకా పోరాడేదేమో. తగ్గిపోతున్న సరుకు కోసం వకీళ్ళకు డబ్బు పోయడం ఎవరికీ ఇష్టముండదు.

1954లో మనస్తత్వ వైద్యుడు ఫ్రెడరిక్ వెర్తామ్ ఈ పుస్తకాలు బాలలను నేరాలవైపు ప్రోత్సహిస్తున్నాయని ఆరోపిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వం నియంత్రణ విధించకముందే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి వ్రాసుకున్నారు. నేర, భయానక పత్రికలు దానితో అంతరించాయి. డజన్లకొద్దీ సంస్థలు మూతపడ్డాయి. ఇంటింటికీ టెలివిజన్ వచ్చిపడింది. అయితే వెర్తామ్ మహాశయుడు వీరులనూ ఏమాత్రం ఉపేక్షించకుండా దుమ్మెత్తిపోసినా, ఆయన ఉద్యమం చివరికి వారికే మేలు చేసింది. పోటీదారులు రంగంనుంచి తప్పుకున్నారు. నియమావళికి లోబడి అమ్మదగినవి కొద్ది రకాలే మిగిలాయి. తప్పు చేసినవాడిని తన్ని పోలీసులకు అప్పగించే వీరుడు వాటిలో ఒకడు.

పునరుత్థానం 1956లో 'ఫ్లాష్' అనే వేగవీరుడితో ఆరంభమయింది. కాని ఆ సంస్థ ఎంత ఆచితూచి అడుగు వేసిందో గమనించదగినది. 'షోకేస్' అనే ప్రయోగాత్మక పత్రికలో ఒక సంచికలో అతనిని ప్రవేశపెట్టి ఊరుకుంది. దుకాణాలలో మిగిలిన ప్రతులు వెనక్కి వచ్చి లెక్కలు తేలడానికి నెలలు పట్టేది. లెక్క బాగుందని తేలాక మరొక సంచిక, మరికొన్ని నెలలకు ఇంకో రెండు. సొంత పత్రిక దక్కేసరికి 1959 వచ్చింది. స్పైడర్‌మాన్ కథ మరీ విచిత్రం. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు అతనిని మొదట ప్రవేశపెట్టినది ఆ నెలతో నిలిపివేయదలచిన ఒక పత్రిక చివరి సంచికలో. పోయే పత్రికలో ఏముంటే ఏమనుకున్నారు. కొన్ని నెలలకు అమ్మకాల లెక్క చేతికందింది. 1963 ఆరంభంలో స్పైడర్‌మాన్‌కు సొంత పత్రిక వెలిసింది.

ఈ రోజులనుంచి చరిత్రకారులకు ఊహాగానాల అవసరం తగ్గింది. తపాలా శాఖ రాయితీ పొందే పత్రికలన్నీ ఏడాదికొకసారి తమ సగటు అమ్మకాలను తమ పుటలలోనే ప్రకటించాలని 1960 నుంచి నిబంధన వచ్చింది. బొమ్మల మధ్య ఎవరూ చదవని చిన్న అక్షరాలలో ఇమిడిపోయిన ఆ ప్రకటనలే నేడు అమూల్యమైన ఆధారాలు. 1960లో సూపర్‌మాన్ సగటు 8 లక్షల 10 వేలు. గర్వించదగిన సంఖ్యే. కాని అదే సంవత్సరం డిస్నీ సంస్థ పాత్ర అయిన పిసినారి బాతు 'అంకుల్ స్క్రూజ్' పదిలక్షలు దాటిపోయాడు. ఆకాశంలో ఎగిరే వీరుడిని డబ్బు లెక్కపెట్టుకునే బాతు ఓడించిందన్న మాట.

ఆ ప్రకటనల్లో అన్నింటికంటే గొప్ప పాఠం చెప్పేది బాట్‌మాన్ పత్రిక. 1965లో నమోదైన సగటు 4 లక్షల 54 వేలు. 1966 జనవరిలో ఆడమ్ వెస్ట్ కథానాయకుడుగా వారానికి రెండు రాత్రులు టెలివిజన్ ధారావాహిక మొదలయింది. దేశం మొత్తం ఊగిపోయింది. ఆ ఏడాది సగటు 8 లక్షల 98 వేలు! సూపర్‌మాన్‌ను కూడా మించిపోయాడు. మరుసటి ఏడు 8 లక్షల 5 వేలు. 1968 మార్చిలో ధారావాహిక ముగిసింది. ఆ ఏడాది సంఖ్య 5 లక్షల 33 వేలు. 1969లో 3 లక్షల 56 వేలు. అంటే టెలివిజన్ రాకముందు ఉన్నదాని కంటే లక్ష తక్కువ. కొత్తగా వచ్చినవారు వెళ్ళిపోవడమే కాక, పాతవారిలోనూ కొందరు వెళ్ళిపోయారు. ధారావాహికలోని వెక్కిరింత ధోరణిని అనుకరిస్తూ పత్రిక కూడా వికటంగా మారడమే అందుకు కారణమని సంపాదకులు ఆలస్యంగా గ్రహించి, బాట్‌మాన్‌ను మళ్ళీ చీకటి రాత్రులలోకి పంపారు.

కాని అసలు రోగం కథలలో లేదు, కొట్లలో ఉంది. పత్రిక వెలను పది సెంట్లకు మించనివ్వరాదని ప్రచురణకర్తలు ఇరవై ఏళ్ళకు పైగా మొండిపట్టు పట్టారు. వెల పెంచడానికి బదులు పేజీలు తగ్గిస్తూ వచ్చారు. అరవై నాలుగు పేజీల పుస్తకం ముప్ఫై రెండు పేజీలకు కుదించుకుపోయింది. 1961 చివర గాని పన్నెండు సెంట్లు కాలేదు. కొనేవారికి ఇది దయగానే తోచినా, అమ్మేవాడి లెక్క వేరు. పది సెంట్ల పుస్తకంపై అతనికి దక్కేది రెండు మూడు సెంట్లు. అంత స్థలంలోనే ఖరీదైన వారపత్రిక పెట్టుకుంటే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. పైగా పిల్లలు నిలబడి ఉచితంగా చదివి, నలిపి పెట్టిపోయే సరుకు ఇది. వీధిచివరి మందుల షాపులూ, మిఠాయి కొట్లూ ఒక్కొక్కటే మూతపడి, వాటి స్థానంలో పెద్ద సూపర్ మార్కెట్లు వెలిసినప్పుడు, బొమ్మల పుస్తకాల ఇనుప స్టాండుకు చోటు దొరకలేదు.

అమ్ముడుపోని ప్రతులకు డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి మరొక గుదిబండ. మొదట్లో టోకు వ్యాపారి ముఖపత్రాలు చించి పంపితే లెక్క కట్టేవారు. తరువాత అంత శ్రమ కూడా లేకుండా, ఇన్ని ప్రతులు ధ్వంసం చేశామని కాగితం వ్రాసి ఇస్తే చాలన్నారు. ధ్వంసమైనట్లు వ్రాసిన ప్రతులు కొన్ని గోదాముల వెనుక తలుపు నుంచి పాతపుస్తకాల వ్యాపారులకు చేరాయన్న అనుమానం ఆ రోజులనుంచీ ఉంది. సగానికి పైగా ప్రతులు తిరిగివచ్చే పత్రికలు 1970 తరువాత ఎన్నో. 1978లో సూపర్‌మాన్, బాట్‌మాన్‌ల స్వంతదారైన డి.సి. సంస్థ పేజీలు, వెల, శీర్షికల సంఖ్య పెంచి భారీగా విస్తరించబోయింది. అంతకు ముందరి శీతకాలాలలో కురిసిన భయంకరమైన మంచుకు లారీలు కదలక అమ్మకాలు ఘోరంగా పడిపోయి ఉన్నాయి. కొద్ది నెలలలోనే యాజమాన్యం విస్తరణను రద్దు చేసి, డజన్లకొద్దీ పత్రికలకు స్వస్తి చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సూపర్‌మాన్ చలనచిత్రం విడుదలై కనకవర్షం కురిపించింది. వీరుడు వెండితెరపై ఎగురుతున్నాడు. వీరుని పత్రికలు నేలపై కూలుతున్నాయి.

ఈ దశలో రక్షకుడుగా వచ్చినవాడు ఫిల్ స్యూలింగ్. బ్రూక్లిన్‌లోని ఒక హైస్కూలులో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. ఏటా న్యూయార్క్‌లో బొమ్మల పుస్తకాల అభిమానుల సమ్మేళనం నడిపేవాడు. ఆయన 1973లో ప్రచురణకర్తల ఎదుట పెట్టిన ప్రతిపాదన చాలా సాదా. "ఎక్కువ డిస్కౌంటు ఇవ్వండి, అమ్ముడైనా కాకపోయినా ప్రతులు వాపసు చేయం" అన్నదే దాని సారాంశం. నష్టభయం ప్రచురణకర్త నెత్తిమీది నుంచి దుకాణదారు నెత్తికి మారింది. ఎంత ముద్రించాలో ముందే తెలిసిపోతుంది కనుక వృథా లేదు. కేవలం బొమ్మల పుస్తకాలే అమ్మే ప్రత్యేక దుకాణాలు ఊరూరా వెలిశాయి. 1981లో మార్వెల్ సంస్థ ఒక కొత్త పత్రిక తొలి సంచికను ఈ దుకాణాలకు మాత్రమే ఇచ్చి, నాలుగు లక్షలకు పైగా అమ్మి చూపింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆనాటి నుంచి 'అమ్మకం' అనే మాటకు అర్థమే మారింది. పూర్వం అమ్మకమంటే పాఠకుడు కొన్నది. ఇప్పుడు దుకాణదారు కొన్నది. అతడు రెండు మూడు నెలల ముందే కేటలాగు చూసి, కథ చదవకుండా, బొమ్మ చూడకుండా ఆర్డరు వ్రాయాలి. తన ఊరిలో ఎందరు కొంటారన్నది ఊహ మాత్రమే. ఊహ తప్పితే ఆ పెట్టెలు అతని వెనుక గదిలోనే ఉండిపోతాయి. దాని ఫలితం పదేళ్ళలో బయటపడింది.

యుద్ధకాలపు పుస్తకాలు వేల డాలర్లకు వేలంలో పోతున్నాయని 1980ల చివర పత్రికలు ప్రముఖంగా వ్రాశాయి. 1989 వేసవిలో బాట్‌మాన్ చిత్రం సృష్టించిన సంచలనం తోడయింది. బొమ్మల పుస్తకం కొని దాచుకుంటే పిల్లల కాలేజీ చదువుకు పనికివస్తుందని నమ్మినవారు బయలుదేరారు. ఒక ప్రతి చదవడానికి, రెండు దాచడానికి కొన్నారు. ప్రచురణకర్తలు వారిని నిరాశపరచలేదు. వెండి ముఖపత్రాలు, మెరిసే ముఖపత్రాలు, చీకటిలో వెలిగే ముఖపత్రాలు! 1990లో టాడ్ మక్‌ఫార్లేన్ గీసిన కొత్త 'స్పైడర్‌మాన్' మొదటి సంచిక సుమారు 25 లక్షలు. 1991లో 'ఎక్స్-మెన్' మొదటి సంచిక ఐదు వేర్వేరు ముఖచిత్రాలతో వెలువడి 81 లక్షలు దాటింది. ఒకే సంచిక అమ్మకంలో అది గిన్నిస్ రికార్డు. అంటే అంతమంది పాఠకులున్నారని కాదు. దుకాణాలు అన్ని ప్రతులు కొన్నాయని. పాఠకుడు చదివినది ఒకటే కథ, కొన్నవి ఐదు అట్టలు.

1992 నవంబరు 18న సూపర్‌మాన్ మరణించాడు. నల్లని సంచిలో సీలు చేసి, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ పెట్టి అమ్మారు. దుకాణాల ముందు బారులు తీరారు. జన్మలో ఒక్క బొమ్మల పుస్తకం కొననివారు కూడా ఆ రోజు వరుసలో నిలబడ్డారు. అన్ని ముద్రణలూ కలిసి అరవై లక్షల దాకా పోయాయని అంచనా. కొన్నవారిలో చాలామంది ఆ సంచి విప్పనే లేదు. విప్పితే విలువ పోతుందట. చదవకుండా దాచుకున్న పుస్తకం విషయంలో సాహిత్యం పాత్ర ఏమిటో సరస్వతీదేవికే తెలియాలి.

యుద్ధకాలపు ప్రతి అరుదైనది ఎందుకో ఎవరూ నిలబడి ఆలోచించలేదు. ఆనాటి తల్లులు చెత్తలో పారవేశారు, పిల్లలు చించారు, యుద్ధానికి ఇచ్చారు. అందువల్ల మిగిలిన కొద్దిపాటికే విలువ. లక్షలాది జనం ప్లాస్టిక్ సంచులలో భద్రపరచిన వస్తువు ఎన్నటికీ అరుదు కాదు. ఈ చిన్న లెక్క 1993లో తెలిసివచ్చింది. సూపర్‌మాన్ తిరిగి బ్రతికివచ్చే సంచికకు దుకాణాలు పాత అనుభవంతో కుప్పలు కుప్పలుగా ఆర్డరు ఇచ్చాయి. ఆ బారులు మళ్ళీ కనిపించలేదు. ఇతర సంస్థల కొత్త పత్రికలు కొన్ని చెప్పిన నెలలో రాక, నెలల తరబడి ఆలస్యమై, ఉత్సాహం చల్లారిన తరువాత దిగుమతి అయ్యాయి. వాపసు ఇచ్చే వీలు లేదు. ఇల్లు తాకట్టుపెట్టి కొట్టు తెరిచినవాడు, వెనుక గదిలో చెక్కుచెదరని వందల ప్రతుల మధ్య నిలబడి, వచ్చే నెల బిల్లు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ రెండు మూడేళ్ళలో మూతపడిన దుకాణాలు వేలలో ఉంటాయి. ఒక కొట్టు మూతపడితే పోయేది జూదరులు మాత్రమే కాదు. అక్కడే కొనే నిజమైన పాఠకుడు కూడా. మరొక కొట్టు యాభై మైళ్ళ దూరంలో ఉంటే అతడు అలవాటే మానుకుంటాడు.

మార్వెల్ సంస్థను 1989లో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు కొన్న రోనాల్డ్ పెరెల్మన్ అప్పుల మీద అప్పులు చేసి ఆటకార్డుల, స్టిక్కర్ల కంపెనీలను చేర్చాడు. 1994 చివర ఆ సంస్థ సొంతంగా ఒక పంపిణీదారును కొని, తన సరుకు అంతా అతని ద్వారానే అన్నది. ప్రత్యర్థులందరూ భయపడి డైమండ్ అనే మరొక పంపిణీ సంస్థను ఆశ్రయించారు. మిగిలిన పంపిణీదారులు నశించారు. మార్వెల్ ప్రయోగం రెండేళ్ళలో విఫలమై, అది కూడా డైమండ్ గుమ్మంలోకే వచ్చి నిలిచింది. 1996 డిసెంబరులో స్పైడర్‌మాన్ యజమాని కోర్టులో దివాలా దరఖాస్తు దాఖలు చేశాడు.

2000 సంవత్సరం నాటికి అమ్మకాలు అట్టడుగుకు చేరాయి. తరువాతి పాతికేళ్ళలో కోలుకోవడం జరిగింది కాని, పాత కొండలెక్కలేదు. నెలకు ఒక పత్రిక లక్ష ప్రతులు దాటితే ఘనవిజయమనుకునే కాలం వచ్చింది. 2009 జనవరిలో బరాక్ ఒబామా ముఖచిత్రంతో వచ్చిన స్పైడర్‌మాన్ సంచికను మళ్ళీ మళ్ళీ ముద్రించవలసి వచ్చింది. 2011లో డి.సి. సంస్థ తన పత్రికలన్నింటినీ ఒకటవ నంబరు నుంచి తిరిగి మొదలుపెట్టింది. ఈ ఉపాయం ప్రతిసారీ పనిచేస్తుంది. ప్రతిసారీ మొన్నటికంటే తక్కువ కాలం పనిచేస్తుంది.

అన్నింటికంటే ఆశ్చర్యకరమైనది చలనచిత్రాల సంగతి. 2009లో డిస్నీ సంస్థ మార్వెల్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో ఈ వీరుల కథతో వచ్చిన ఒక్క చిత్రమే ప్రపంచం మొత్తం మీద 270 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మన పట్టణాలలోనూ దానికి టిక్కెట్లు దొరకలేదు. కాని హాలు నుంచి బయటికి వచ్చిన ప్రేక్షకునికి ఎదురుగా పత్రికల స్టాండు లేదు. వెతికి పట్టుకుని ప్రత్యేక దుకాణానికి వెళితే, నాలుగైదు డాలర్ల వెలగల ఇరవై పేజీల కథ, అదీ ఎక్కడో మధ్యలో. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవారు లేరు. పిల్లలు మాత్రం చదవడం మానలేదు. పుస్తకాల షాపులలో జపాన్ 'మాంగా'లు, డేవ్ పిల్కీ రచించిన 'డాగ్ మాన్' వంటి దళసరి బొమ్మల కథలు లక్షల సంఖ్యలో కొంటున్నారు. నెలనెలా రెండు స్టేపుల్ పిన్నులతో వచ్చే పలుచని పుస్తకం వారికి తాతల నాటి వస్తువు.

తాతల నాటి వస్తువుకు మాత్రం వెల ఉంది. 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడయింది. సీగెల్, షుస్టర్‌లకు ఇచ్చిన ఆ పాత చెక్కే 2012 వేలంలో లక్షా అరవై వేల డాలర్లు పలికింది. ఆ ఇద్దరి పేర్లు ఎన్నో ఏళ్ళపాటు పత్రికలో కూడా అచ్చుకాలేదు. షుస్టర్ దృష్టి మందగించి దారిద్ర్యంలో ఉండగా, సూపర్‌మాన్ సినిమా తీయబోతున్నారని విని సీగెల్ పత్రికలకెక్కాడు. 1975 చివర వార్నర్ సంస్థ ఒక్కొక్కరికి ఏడాదికి 20 వేల డాలర్ల భృతి ఇచ్చి, కథలపై వారి పేర్లు వేయడానికి ఒప్పుకున్నది.

2020 ఏప్రిల్‌లో మహమ్మారి కారణంగా డైమండ్ సరఫరా నిలిపివేసినప్పుడు, ఎనభై రెండేళ్ళలో మొదటిసారిగా అమెరికన్ దుకాణాలకు కొన్ని వారాలపాటు కొత్త సరుకు దాదాపుగా రాలేదు. డి.సి., ఆ తర్వాత మార్వెల్ ఆ సంస్థను వదలి వేరే పంపిణీదారులను చూసుకున్నాయి. ఆశ్చర్యమేమంటే, ఇంట్లో కూర్చున్న జనం పాత అభిరుచులు తవ్వుకోవడంతో 2021లో అమెరికా, కెనడాలలో అన్ని రకాల బొమ్మల పుస్తకాల అమ్మకం కలిపి 200 కోట్ల డాలర్లు దాటింది. అందులో వీరుల వాటా చిన్నదే. డైమండ్ మాత్రం కోలుకోలేదు. 2025 జనవరిలో దివాలా దరఖాస్తు చేసింది. దాని గోదాములలో అమ్మి పెట్టమని ఇచ్చిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిని అమ్మి అప్పులు తీర్చాలన్న ప్రయత్నం మొదలైనప్పుడు, ఆ పెట్టెలలో ఉన్నది తమ సొత్తని చెప్పుకోవడానికి చిన్న చిన్న ప్రచురణకర్తలు వకీళ్ళను పెట్టుకుని కోర్టు మెట్లెక్కారు.